భాషా సందేహాలు: ఇంగ్లీషు మీదుగా వెళ్తే తప్పే డేనిష్ క్రియలు

డెన్మార్క్‌లో చదువుకుంటున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు, త్వరలో వెళ్లబోయేవారు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్రియల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. నిఘంటువులో వెతుక్కోడానికి వీలుగా డేనిష్ మాటల్ని స్పెల్లింగుకు దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాం. పలకడం బాగా మారేచోట విడిగా చెబుతాం. 'క్యోరె' లాంటి మాటలో 'యో' కనిపిస్తే 'ఏ' అంటూ పెదవులు 'ఓ'కి చుట్టినట్టు చుట్టండి. 'స్యూ' వచ్చిన చోట 'ఈ' అంటూ పెదవులు 'ఊ'కి చుట్టినట్టు చుట్టాలి.

ప్రశ్న: ఆఫీసులో ఒకరు వండి తెచ్చినది తిని 'యాయ్ ట్రోర్, మాడెన్ ఎర్ గోడ్' అన్నాను. వంట బావుందని చెప్పడమే నా ఉద్దేశం. 'ఇంకా రుచి చూడలేదా?' అని అడిగారు. తప్పెక్కడ జరిగింది?
— పాఠకురాలు, కోపెన్‌హేగెన్

జవాబు: వ్యాకరణం సరిగ్గానే ఉంది, క్రియే తప్పింది. ఇంగ్లీషులో 'ఐ థింక్' అన్న ఒక్క మాటతో గడిచిపోయేవాటికి డేనిష్‌లో నాలుగు క్రియలు ఉన్నాయి: ట్రో, స్యూనెస్, మేనె, టెంకె. మీరు ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని దానికి డేనిష్ వెతికారు. తెలుగు వాక్యం పెట్టుకుని ఉంటే తప్పేది కాదు. 'కూర బావుందనిపించింది' అన్నప్పుడు మీరు తిన్నారు. 'కూర బావుంటుందనుకుంటా' అన్నప్పుడు ఇంకా తినలేదు. ఈ తేడా మనకు పుట్టుకతో తెలుసు. మొదటిది స్యూనెస్, రెండోది ట్రో.

ట్రో అంటే రుజువు చేతిలో లేకుండా అనుకోవడం. రేపు వాన పడుతుందా, బస్సు వెళ్లిపోయిందా, ఆయన ఇంట్లో ఉన్నారా — ఇలా తర్వాత ఎవరైనా తేల్చి చెప్పగలిగిన సంగతి అయితే ట్రో వాడాలి. దేవుణ్ణి నమ్మడానికీ ఇదే క్రియ, వెనక 'పో' చేర్చి 'ట్రో పో' అంటారు.

స్యూనెస్ అంటే స్వయంగా చూసి, తిని, విని, అనుభవించి ఏర్పరచుకున్న అభిప్రాయం. దీన్ని ఎవరూ తప్పని తేల్చలేరు, ఎందుకంటే అది మీ రుచి. సినిమా చూశాక 'యాయ్ స్యూనెస్, ఫిల్మెన్ ఎర్ గోడ్'. చూడకముందు, నలుగురూ మెచ్చుకున్నారు కాబట్టి 'యాయ్ ట్రోర్, ఫిల్మెన్ ఎర్ గోడ్'.

స్యూనెస్‌కు వర్తమానంలో చివర 'ర్' చేరదు. 'యాయ్ స్యూనెస్' అంటే ఇప్పుడు, 'యాయ్ స్యూన్టెస్' అంటే అప్పుడు. మాట్లాడేటప్పుడు రెండూ దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి డేన్‌లు (డెన్మార్క్‌వాళ్లు) కూడా రాతలో ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తుంటారు. వాళ్ల మెసేజీలు చూసి నేర్చుకుంటే ఆ తప్పు మీకూ అంటుకుంటుంది.

మేనె గట్టి అభిప్రాయానికి, వాదించి నిలబెట్టగలిగిన మాటకు. మీటింగులో, వ్యాసంలో, రాజకీయ చర్చలో ఎక్కువగా వినిపిస్తుంది. 'అద్దె మరీ ఎక్కువ, తగ్గించాలి' అని మీరు పట్టుబడితే అది మేనె. ఇంకో వాడుక కూడా ఉంది: జ్ఞాపకం మీద ఆధారపడి 'మీటింగు తొమ్మిదింటికి అని గుర్తు' అనడానికీ 'యాయ్ మేనర్' అంటారు. 'వాడ్ మేనర్ డు?' అన్న ప్రశ్నకు రెండు అర్థాలు వస్తాయి — 'మీ ఉద్దేశమేమిటి?', 'మీ అభిప్రాయమేమిటి?' అయితే ఒక మాటకు అర్థమేమిటని అడగాలంటే మాత్రం మేనె పనికిరాదు, 'బెట్యూడె' అనాలి. మనుషులు 'మేనె' చేస్తారు, మాటలు 'బెట్యూడె' చేస్తాయి. ఇంగ్లీషు 'మీన్' ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టే ఇక్కడ తడబాటు.

టెంకె అంటే బుర్రలో జరిగే పని, ఆలోచించడం. 'టెంకె పో' అంటే ఒకరిని తలచుకోవడం, 'టెంకె ఓవర్' అంటే ఒక విషయం గురించి బాగా ఆలోచించడం. ఈమధ్య 'యాయ్ టెంకర్, వి టార్ హ్యెమ్ నూ' లాంటి వాక్యాలు కూడా బాగా వినిపిస్తాయి — 'ఇక ఇంటికెళ్దామని నా ఆలోచన' అని. వింటే అర్థం చేసుకోండి, కానీ కొత్తగా నేర్చుకునేవారు అభిప్రాయం చెప్పడానికి దీన్ని పట్టుకోవద్దు. ముందు మొదటి రెండూ స్థిరపడాలి.

ఒప్పుకుంటూనో కాదంటూనో జవాబు చెప్పేటప్పుడు 'డే' (అది) ముందుకొస్తుంది: 'డే ట్రోర్ యాయ్' (అలాగే అనుకుంటా), 'డే స్యూనెస్ యాయ్ ఇక్కె' (నాకలా అనిపించడం లేదు). 'యాయ్ ట్రోర్ డే' అంటే అర్థమవుతుంది గానీ చెవికి పరాయిగా ఉంటుంది.

ప్రశ్న: ఒక ఇంటికి వెళ్తే 'స్కాల్ డు హా కాఫె?' అని అడిగారు. 'తాగి తీరాలా?' అన్నట్టు వినిపించింది. ఇంకోచోట నేను 'యాయ్ విల్ హా కాఫె' అంటే ముఖం అదోలా పెట్టారు. స్కాల్, విల్, మో — ఈ మూడింటినీ ఎలా విడదీసుకోవాలి?
— విద్యార్థి, ల్యుంగ్‌బ్యు

జవాబు: 'స్కాల్' చూడగానే ఇంగ్లీషు 'షల్', 'విల్' చూడగానే ఇంగ్లీషు 'విల్' గుర్తొస్తాయి. పుట్టుక ఒకటే అయినా వాడుకలో దారులు వేరయ్యాయి.

స్కాల్‌కు మన 'ఆలి' చాలా దగ్గర. 'రేపు ఆర్హుస్ వెళ్లాలి' అన్నామంటే ఎవరో బలవంతం చేశారని కాదు, వెళ్లే ఏర్పాటు ఉందని. 'యాయ్ స్కాల్ టిల్ ఆర్హుస్ ఇ మోర్న్' అన్నా అంతే. ఇందులో 'వెళ్లు' అనే క్రియ లేనే లేదని గమనించండి. గమ్యం చెబితే డేనిష్‌లో ఆ క్రియ అక్కర్లేదు: 'యాయ్ స్కాల్ హ్యెమ్' అంటే ఇంటికి వెళ్లాలి. డాక్టరో కార్యాలయమో 'డు స్కాల్' అంటే మాత్రం అది తప్పనిసరి. మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చూస్తే సగం అర్థం తేలిపోతుంది.

'స్కాల్ డు హా కాఫె?' మామూలు మర్యాద ప్రశ్నే, 'కాఫీ తీసుకుంటారా?' అని. జవాబు 'యా టాక్' లేదా 'నాయ్ టాక్'. ఆ 'టాక్' (థాంక్స్) వదిలేయకండి, డేనిష్‌లో 'ప్లీజ్' అనే మాట లేదు కాబట్టి మర్యాద బరువంతా దాని మీదే పడుతుంది.

విల్ అంటే కోరిక, పట్టుదల. 'యాయ్ విల్ హా కాఫె' అంటే 'నాకు కాఫీ కావాలి అంతే' అన్నట్టు ఉంటుంది. మధ్యలో 'గెర్నె' పెట్టండి: 'యాయ్ విల్ గెర్నె హా ఎన్ కాఫె'. కేఫ్‌లో ఇంకా మెత్తగా అడగాలంటే 'యాయ్ విల్ గెర్నె బేడె ఓమ్ ఎన్ కాఫె'. ఇక భవిష్యత్తు కోసం విల్ వాడే అలవాటు మానుకోండి. 'నేను రేపు వెళ్తాను' అనడానికి 'యాయ్ రైసర్ ఇ మోర్న్' చాలు. వర్తమాన రూపంతోనే భవిష్యత్తు చెప్పవచ్చు. 'యాయ్ విల్ రైసె' అంటే 'నాకు వెళ్లిపోవాలని ఉంది' అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడతారు.

మో మాత్రం జాగ్రత్త. 'మో యాయ్...?' అని మొదలుపెడితే అనుమతి అడగడం, మన 'కూర్చోవచ్చా?'లోని 'వచ్చా'. 'యాయ్ మో గో నూ' అంటే 'ఇక నేను వెళ్లక తప్పదు'. ఇక 'మో ఇక్కె' అంటే నిషేధం, కూడదు. 'డు మో ఇక్కె ర్యూగె హేర్' — ఇక్కడ పొగ తాగకూడదు. 'అక్కర్లేదు' అనడానికి 'బెహ్యోవర్ ఇక్కె' వేరుగా ఉంది. మందుల చీటీ చదివేటప్పుడు ఈ రెండూ తారుమారు చేయకండి.

'స్కాల్ ఇక్కె' సందర్భాన్ని బట్టి 'అక్కర్లేదు' కావచ్చు, 'వద్దు' కావచ్చు. 'డు స్కాల్ ఇక్కె బెటాలె నోయెట్' అంటే ఏమీ కట్టక్కర్లేదు. అదే తల్లి పిల్లాడితో చెబితే హెచ్చరిక. అనుమానం ఉంటే మళ్లీ అడగండి.

స్కాల్‌కు ఇంకో అర్థం ఉంది, చాలామంది పాఠాల్లో ఆలస్యంగా ఎదురవుతుంది. 'హాన్ స్కాల్ వేరె రీ' అంటే 'ఆయన ధనవంతుడు కావాలి' అని కాదు, 'ఆయన ధనవంతుడట'. మన 'అట' చేసే పని అక్కడ స్కాల్ చేస్తుంది. పత్రికల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

ప్రశ్న: డేనిష్ సహోద్యోగి ఇంగ్లీషులో 'కెన్ యూ బారో మీ ఎ పెన్?' అంటారు. అంత బాగా ఇంగ్లీషు వచ్చినవారు ఇలా ఎందుకంటారు?
— పాఠకుడు, ఓడెన్స

జవాబు: వాళ్ల భాషలో 'లోనె' ఒక్కటే. అరువు తీసుకోవడమూ అదే, ఇవ్వడమూ అదే. ఇవ్వడం స్పష్టం చేయాలంటే 'లోనె ఉడ్' అంటారు. 'లేరె' కూడా అంతే: నేర్చుకోవడం, నేర్పడం రెండూ. 'యాయ్ లేరర్ డాన్స్క్' అంటే నేర్చుకుంటున్నాను. మధ్యలో మనిషి చేరితే, 'యాయ్ లేరర్ హామ్ డాన్స్క్', అతనికి నేర్పుతున్నాను. వృత్తిగా పాఠం చెప్పడానికి 'ఉన్నర్‌వీసె'.

ఇదే వరసలో 'లాయె', అద్దె. ఇల్లు తీసుకునేటప్పుడు కాగితంలో 'లాయర్' అని కనిపిస్తే అది న్యాయవాది కాదు, అద్దెకు ఉండే మీరు. 'ఉడ్‌లాయర్' ఇంటి యజమాని. మరమ్మతులు ఎవరు చేయించాలో, రంగు ఎవరు వేయించాలో చెప్పే వాక్యాల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే వస్తాయి. సంతకానికి ముందు ప్రతి చోటా ఏది ఉందో గీత గీసి చూసుకోండి.

ప్రశ్న: 'గో' అంటే వెళ్లడమే కదా? 'యాయ్ గోర్ టిల్ ఆర్హుస్' అంటే ఎందుకు నవ్వారు?
— పాఠకుడు, కోపెన్‌హేగెన్

జవాబు: మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు నడిచి వెళ్తానన్నారు మీరు. చూడ్డానికీ వినడానికీ ఇంగ్లీషు 'గో' లాగే ఉన్నా, ఒక మనిషి ఒక చోటికి వెళ్తున్నాడన్నప్పుడు డేనిష్ 'గో' కాళ్ల మీదే. వాహనమైతే 'క్యోరె', సైకిలైతే 'స్యూక్లె', విమానమైతే 'ఫ్ల్యూవె', దూర ప్రయాణమైతే 'రైసె'. దేని మీద వెళ్తున్నామో చెప్పడం ముఖ్యం కానప్పుడు 'టాగె' ఉంది, పలికేటప్పుడు 'టా': 'వి టార్ టిల్ ఆర్హుస్'. కొత్తవారికి ఇదే క్షేమం. ఇంగ్లీషు 'టేక్'కు తోబుట్టువైన ఈ క్రియ 'వెళ్లు' అనే అర్థం కూడా మోస్తుందని ఊహించరు గనక పాఠాల్లో దొరికినా చాలామంది వాడరు.

అలాగని 'గో' ఎప్పుడూ నడకే అనుకోకండి. 'గో టిల్ డాన్స్క్' అంటే వారం వారం డేనిష్ క్లాసుకు వెళ్లడం, సైకిల్ మీద వెళ్లినా సరే. రైలు బయల్దేరడానికీ 'గోర్' అంటారు. 'వోర్‌డాన్ గోర్ డే?' అంటే 'ఎలా ఉన్నారు?' 'గో ఇ స్ట్యూక్కర్' అంటే విరిగిపోవడం, పాడైపోవడం. వాషింగ్ మెషిన్ గురించి ఇంటి యజమానికి రాయాల్సిన మాట ఇదే.

జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు ఇంకో మెలిక. 'హున్ ఎర్ గోయెట్' అంటే ఆవిడ వెళ్లిపోయారు, ఇప్పుడు ఇక్కడ లేరు. 'హున్ హార్ గోయెట్ ఫెమ్ కిలోమీటర్' అంటే అయిదు కిలోమీటర్లు నడిచారు. స్థానమో స్థితో మారిన ఫలితం ముఖ్యమైతే 'ఎర్', చేసిన పని ముఖ్యమైతే 'హార్'. కొమ్మె (రావడం), బ్లీవె (అవడం) ఎప్పుడూ 'ఎర్' పక్షమే. ఇంగ్లీషు అలవాటుతో అన్నింటికీ 'హావ్' అతికిస్తే డేనిష్‌లో తప్పులు వరసగా వస్తాయి.

ఇంకొకటి: 'హ్యెమ్' అంటే ఇంటికి, 'హ్యెమ్మె' అంటే ఇంట్లో. 'ఉడ్' బయటికి, 'ఉడె' బయట. 'ఇన్' లోపలికి, 'ఇన్నె' లోపల. కదలికకు పొట్టి రూపం, ఉండటానికి చివర 'ఎ' ఉన్న రూపం. మనం 'కి', 'లో' ఎంత సునాయాసంగా మారుస్తామో వాళ్లు అంత సునాయాసంగా ఇది మారుస్తారు. ఇంగ్లీషు 'హోమ్'లో ఈ తేడా లేదు.

ప్రశ్న: ఇంగ్లీషు 'పుట్'కు డేనిష్‌లో ఏం వాడాలి? ఒక్కొక్కరూ ఒక్కోటి అంటున్నారు.
— గృహిణి, ఆర్హుస్

జవాబు: ఒక్క మాట లేదు. వస్తువు పెట్టాక ఏ భంగిమలో ఉంటుందన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. పడుకోబెట్టినట్టు ఉంటే 'లెగ్గె', నిలబెట్టినట్టు ఉంటే 'స్టిల్లె', కూర్చోబెట్టినట్టు, అతికినట్టు ఉంటే 'సెట్టె'. మనం చంటిపిల్లల విషయంలో చేసే ఈ తేడాను వాళ్లు సీసాలకూ చెంచాలకూ కూడా చేస్తారు.

పెట్టాక ఉండటానికి వరసగా 'లిగ్గె', 'స్టో', 'సిడ్డె'. మీ వంటింట్లోనే చూడండి. కత్తి, చెంచా బల్ల మీద లిగ్గర్. గ్లాసు, సీసా, గిన్నె స్టోర్. పళ్లెం కూడా స్టోర్, చదునుగా ఉన్నా సరే. అడుగున ఆనుకునే భాగం ఉన్నది నిలబడినట్టే లెక్క. చెప్పులు, బూట్లు స్టోర్. తాళంచెవి బల్ల మీదైతే లిగ్గర్, తాళంలో దూర్చి ఉంటే సిడ్డర్. టోపీ తల మీద సిడ్డర్. పుస్తకం అరలో నిలువుగా ఉంటే స్టోర్, బల్ల మీద లిగ్గర్. ఊరు, ఇల్లు, దేశం లిగ్గర్: కోపెన్‌హేగెన్ ష్యెల్లాన్ ద్వీపం మీద లిగ్గర్. పేపర్లో ఒక వార్త ఉంటే 'డేర్ స్టోర్ ఇ అవీసెన్'. ఆపి ఉంచిన కారుకు మాత్రం 'హొల్లర్' కూడా వాడతారు.

రూపాలు కంఠతా పట్టాల్సిందే. లెగ్గె – లాగ్డె – లాగ్ట్. లిగ్గె – లో – లిగ్గెట్. సెట్టె – సాట్టె – సాట్. సిడ్డె – సాడ్ – సిడ్డెట్. స్టిల్లె – స్టిల్లెడె – స్టిల్లెట్. స్టో – స్టోడ్ – స్టోయెట్. ఒక్కో జంటలో మొదటిది ఎవరో చేసేది, దానికి కర్మ కావాలి. రెండోది ఉండటం. లెగ్గె, లిగ్గె దగ్గర డేన్‌లు కూడా పొరబడతారు, ఇంగ్లీషువాళ్లు 'లే', 'లై' దగ్గర పొరబడినట్టే. అక్కడ చిక్కు ఎక్కువ, ఎందుకంటే 'లై'కు భూతకాలం 'లే'.

ప్రశ్న: 'ఐ నో'కు కూడా మూడు మాటలు ఉన్నాయట, నిజమేనా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిజమే, తెలుగువాళ్లకు ఇది ఇంగ్లీషువాళ్ల కంటే తేలిక. సంగతి తెలిసి ఉండటం 'వీడె', వర్తమానంలో 'వేడ్'. మనిషితోనో చోటుతోనో పరిచయం ఉండటం 'కెన్నె'. నేర్చుకున్న విద్య వచ్చి ఉండటం 'కున్నె', వర్తమానంలో 'కాన్'. 'యాయ్ కాన్ డాన్స్క్' అన్న వాక్యంలో 'మాట్లాడు' అనే క్రియ లేదు. 'నాకు డేనిష్ వచ్చు'లోనూ లేదు. పాట కంఠతా వచ్చినా 'కాన్' చాలు.

స్టేషన్ ఎక్కడుందో తెలుసా అని అడగాలంటే 'వేడ్ డు, వోర్ స్టేషోనెన్ ఎర్?' వెనక 'ఎక్కడ', 'ఎందుకు', 'అని' లాంటి వాక్యం వస్తే వేడ్. నేరుగా పేరు వస్తే కెన్నర్. స్కాట్లండ్ ఇంగ్లీషులో తెలియడానికి 'కెన్' అంటారు. అది కెన్నెకు చుట్టమే.

'అడుగు' దగ్గర మాత్రం తెలుగు మనకు సాయం చేయదు. ప్రశ్న అడిగితే 'స్ప్యోర్గె', సాయమో వస్తువో అడిగితే 'బేడె ఓమ్'. తెలుగులో, ఇంగ్లీషులో రెండింటికీ ఒకే క్రియ. బేడె అంటే ప్రార్థించడం కూడా.

ప్రశ్న: ఇంగ్లీషులా కనిపించి మోసం చేసే డేనిష్ క్రియలు కొన్ని చెప్పగలరా?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: పరీక్షలు రాసేవారికి ముందు చెప్పాల్సినది 'పాస్సె'. ఇది పరీక్ష పాసవడం కాదు. పిల్లల్ని చూసుకోవడం, బట్టలు సరిపోవడం, మాట నిజమవడం — ఇవన్నీ పాస్సె. పరీక్ష పాసవడానికి 'బెస్టో'. ఫలితాల కాగితం మీద 'బెస్టోయెట్' అని ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 'డుంపె' అంటే పారేయడం కన్నా ముందు పరీక్ష తప్పడం.

'లోవె' స్పెల్లింగు అచ్చంగా ఇంగ్లీషు 'లవ్', అర్థం మాట ఇవ్వడం. ప్రేమించడానికి 'ఎల్స్కె'. 'గ్రీనె' అంటే పళ్లికిలించడం కాదు, హాయిగా నవ్వడం. 'స్పారె' అంటే పొదుపు చేయడం, 'స్టెమ్మె' అంటే ఓటు వేయడం. 'స్పిల్లె' ఆడటం, వాయించడం. ఒలకబోయడం, వృథా చేయడం 'స్పిల్డె', అందులో 'డ' పలకదు. 'కాల్లె' పేరు పెట్టి పిలవడం. ఫోన్ చేయడానికి 'రింగె టిల్'.

ఉద్యోగంలో చిక్కు తెచ్చేవి రెండు. 'ఓవర్‌సే' అంటే పర్యవేక్షించడం కాదు, చూసుకోకుండా వదిలేయడం. 'నేను ఈ ప్రాజెక్టును ఓవర్‌సే చేశాను' అన్న అర్థంలో రాస్తే పట్టించుకోలేదని మీరే రాసిచ్చినట్టు. 'ఓవర్‌టాగె' అంటే బాధ్యత స్వీకరించడం; రోడ్డు మీద వాహనాన్ని దాటడం 'ఓవర్‌హాలె'. 'కంట్రోలెరె' పెత్తనం కన్నా ఎక్కువగా తనిఖీ. టికెట్లు తనిఖీ చేసేది కంట్రోల్యోరే.

'లీడె' కూడా ఇక్కడే. విడిగా ఉంటే బాధపడటం, జబ్బుతో ఉండటం. ముందు 'కాన్' చేరితే నచ్చడం: 'యాయ్ కాన్ గొట్ లీడె డే', మాటలో 'కా గొ లీ' అని కుదించుకుపోతుంది. 'కాన్' మరిచిపోతే నచ్చిందనబోయి బాధ చెప్పుకున్నట్టవుతుంది.

ప్రశ్న: డేనిష్‌లో 'చేస్తున్నాను' అనే కొనసాగే కాలం లేదంటారు. మరి ఎలా చెబుతారు? 'ఓ' అని వినిపించేది రెండు రకాలుగా రాస్తారేమిటి?
— పాఠకురాలు, ఓల్‌బోర్

జవాబు: 'యాయ్ లేసర్' అంటే చదువుతాను, చదువుతున్నాను రెండూ. ఇప్పుడే జరుగుతోందని చెప్పాలంటే మనిషి ఏ భంగిమలో ఉన్నాడో కలుపుతారు: 'యాయ్ సిడ్డర్ ఓ లేసర్' — కూర్చుని చదువుతున్నాను. 'యాయ్ స్టోర్ ఓ వెంటర్' — నిలబడి ఎదురుచూస్తున్నాను. మనకు ఇది కొత్త కాదు. భంగిమ చెప్పలేని పనులకు 'ఎర్ వేడ్ ఓ' అంటారు.

ఇక రాత సంగతి. 'మరియు' అనే అర్థం ఉన్న మాటా, క్రియ మూలరూపానికి ముందు వచ్చే చిన్న మాటా రెండూ మాటలో 'ఓ' అనే వినిపిస్తాయి. మొదటిదాని స్పెల్లింగు ఓ-జీ, రెండోదానిది ఏ-టీ. తేల్చుకోడానికి వాక్యాన్ని భూతకాలంలోకి మార్చండి. 'యాయ్ సాడ్ ఓ లేస్టె' — రెండు క్రియలూ మారాయి, కాబట్టి ఓ-జీ. 'యాయ్ ప్ర్యోవెడె ఓ లేసె' — మొదటిదే మారింది, కాబట్టి ఏ-టీ.

చివరి 'ర్' కూడా చెవికి అందని చిక్కు. 'క్యోరె', 'క్యోరర్' పలికితే ఒకటే. 'లేరె', 'లేరర్' కూడా. ఆ చోట 'తిను' క్రియ పెట్టి చూడండి, అందులో తేడా బాగా వినిపిస్తుంది: 'స్పీసర్' నప్పితే ఆర్ రాయాలి, 'స్పీసె' నప్పితే అక్కర్లేదు. డేనిష్ బడిపిల్లలకు నేర్పే కిటుకే ఇది. ఒక ఊరట ఏమిటంటే, కర్త ఎవరైనా రూపం మారదు. నేను, నువ్వు, ఆమె, మేము, వాళ్లు, అందరికీ 'ఎర్', అందరికీ 'హార్'. ఇంగ్లీషులోని 'ఆమ్, ఈజ్, ఆర్' గొడవ లేదు.

ప్రశ్న: ఇంగ్లీషు క్రియలు కొన్ని డేనిష్ నుంచి వచ్చాయని చదివాను. తరగతిలో చెప్పాలంటే ఎంతవరకు చెప్పవచ్చు?
— ఇంగ్లీషు అధ్యాపకుడు, వరంగల్

జవాబు: డేనిష్ నుంచి అనకండి, దానికి పూర్వరూపమైన పాత నార్స్ (స్కాండినేవియావాళ్ల పాత భాష) నుంచి అనండి. 9వ శతాబ్దం రెండో సగంలో స్కాండినేవియన్ సేనలు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాయి. యార్క్ 866లో వాళ్ల చేతికి చిక్కింది. తూర్పు, ఉత్తర భాగాలు డేన్‌ల చట్టం నడిచే ప్రాంతంగా పేరుపడ్డాయి. 1016లో డెన్మార్క్‌కు చెందిన కనూట్ ఇంగ్లండ్ మొత్తానికి రాజయ్యాడు. రెండు భాషలూ దగ్గరివి కావడంతో ఇరుగుపొరుగు వాడుకలోనే మాటలు కలిసిపోయాయి. అందుకే అరువు వచ్చినవి కేవలం వస్తువుల పేర్లు కావు, రోజూ నోట్లో నలిగే క్రియలు.

'టేక్' అలా వచ్చిందే. అంతకుముందు పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి 'నిమన్' ఉండేది. టేక్ దాన్ని పూర్తిగా తోసేసింది. 'డై' కూడా నార్స్ సొత్తే, డేనిష్‌లో 'డ్యో'. చనిపోవడానికి పాత ఇంగ్లీషు మాట 'స్టేర్వ్'గా మిగిలి ఆకలితో మాడటానికి కుంచించుకుపోయింది. 'కాల్', 'కాస్ట్' నేటి డేనిష్‌లో 'కాల్లె', 'కాస్టె'. 'వాంట్'కు మూలంలో అర్థం లోటు పడటం. కోరడం తర్వాత వచ్చిన అర్థం. 'హిట్' మూలంలో ఎదురుపడటం, తారసపడటం.

అయితే పోలిక ఉన్నదల్లా అరువు అని చెప్పకండి. 'సింగ్ – స్యుంగె', 'డ్రింక్ – డ్రిక్కె', 'కమ్ – కొమ్మె' జంటలు రెండు భాషలకూ ఒకే జెర్మానిక్ తల్లి నుంచి వచ్చిన ఆస్తి. పోలిక లేనివాటికీ కారణం ఉంది: మధ్యయుగాల్లో హాన్సా (ఉత్తర జర్మన్ నగరాల వర్తక కూటమి) వర్తకుల కాలంలో డేనిష్‌లోకి వాళ్ల భాష 'లో జర్మన్' మాటలు వెల్లువగా వచ్చాయి. అవడం, ఉండిపోవడం అనే అర్థాలున్న 'బ్లీవె', డబ్బు కట్టడానికి 'బెటాలె', అర్థం చేసుకోవడానికి 'ఫోర్‌స్టో' అలా వచ్చినవే.

ప్రశ్న: క్రియలకు నోటుపుస్తకం ఎలా పెట్టుకోవాలి? ఇంగ్లీషు అర్థం ఒకటి, డేనిష్ మాట ఒకటి రాస్తున్నాను గానీ మాట్లాడేటప్పుడు పనికి రావడం లేదు.
— పాఠకుడు, కోపెన్‌హేగెన్

జవాబు: ఒక మాటకు ఒక మాట అన్న పట్టిక ఆపేయండి. ఒక్కో క్రియకు సగం పేజీ ఇవ్వండి. పైన నాలుగు రూపాలు: మూలం, వర్తమానం, భూతం, 'హార్' లేదా 'ఎర్' పక్కన వచ్చే రూపం. ఆ 'హార్', 'ఎర్'లలో ఏది వస్తుందో కూడా అక్కడే రాయండి. కింద మీరు నిజంగా వాడబోయే రెండు వాక్యాలు, వాటి ఎదుట తెలుగులో అర్థం. ఇంగ్లీషు అవసరమైతేనే.

తర్వాత ఆ క్రియ వెనక అతుక్కునే చిన్న మాటలు. 'హొల్లె' పట్టుకోవడం; 'హొల్లె ఓప్' ఆపేయడం, 'హొల్లె అఫ్' ఇష్టపడటం, 'హొల్లె ఫ్రీ' సెలవులో ఉండటం. 'స్లో' కొట్టడం, 'స్లో ఓప్' నిఘంటువులో మాట వెతకడం, మనుషుల మధ్యైతే సంబంధం తెంచుకోవడం. ఇలాంటి జంటల్లో ఊనిక చిన్న మాట మీద పడుతుంది, క్రియ తేలికైపోతుంది. 'హొల్లె' మీద ఊని 'ఓప్' మింగేస్తే ఎదుటివారికి జంట అందదు.

సరిచూసుకోడానికి 'డెన్ డాన్స్కె ఓర్డ్‌బోగ్' ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. డేనిష్ నుంచి డేనిష్‌కు అయినా మొదటి నెలల్లోనే మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే రూపాలూ ఉచ్చారణ శబ్దమూ చూడటానికి అర్థాలు పూర్తిగా చదవక్కర్లేదు. క్రియ తెరవగానే అర్థాల వరసకు ముందు, పైనే రూపాలు ఉంటాయి. స్పీకర్ బొమ్మ నొక్కి విని, మీరు రాసుకున్న తెలుగు అక్షరాల్ని దాని ప్రకారం దిద్దుకోండి. మొదట దిద్దాల్సినవి 'టాగె', 'బ్లీవె', 'బ్రూగె'. పుస్తకంలో రెండేసి అక్షరాలుగా కనిపించే ఈ మూడూ రోజువారీ మాటలో 'టా', 'బ్లీ', 'బ్రూ' అని ఒక్కో అక్షరానికి కుంచించుకుపోతాయి.